ప్రభుత్వ డిజిటల్ వ్యవస్థల పరస్పరానుసంధానం: ఆన్‌లైన్ శిక్షణలో తెలుగు భాషాంశాల ఆవశ్యకత

కీలకపదాలు: పరస్పరానుసంధానం, ఈ-పాలన, యూనికోడ్, ఆన్‌లైన్ శిక్షణ, తెనాలి, బాపట్ల, రేపల్లె.

1. ఉపోద్ఘాతం:

విజయవాడ నుంచి చెన్నై వెళ్లే ప్రధాన రైలుమార్గం తెనాలి, బాపట్లల మీదుగా సాగుతుంది. తెనాలి జంక్షన్ నుంచి ఒక శాఖామార్గం రేపల్లెకు చేరుతుంది. పట్టాల మధ్య వెడల్పు ఒకటే కావడం వల్ల ఒక మార్గంలోని బండి రెండవ మార్గంలోకి ఆటంకం లేకుండా ప్రవేశిస్తుంది. ప్రభుత్వశాఖల కంప్యూటర్ వ్యవస్థల మధ్య సమాచారం ఇదే రీతిలో ప్రయాణించగలగడమే పరస్పరానుసంధానం. సాంకేతిక నిపుణులు దీనిని ‘ఇంటరాపరబిలిటీ’ అంటారు. ఈ విషయంలో ఉద్యోగులకు ఇచ్చే ఆన్‌లైన్ శిక్షణలో తెలుగు భాషాంశాలకు ఎందుకు చోటుండాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. అనుసంధానం – స్థాయులు:

ఐరోపా సమాఖ్య 2017లో ప్రకటించిన విధాన చట్రం ఇందులో నాలుగు స్థాయులను గుర్తించింది. సమాచారాన్ని పంచుకోవడానికి చట్టం అనుమతించాలి. శాఖలు తమ బాధ్యతలను స్పష్టంగా నిర్ణయించుకోవాలి. పంపిన పదానికి ఇరువైపులా ఒకే అర్థం ఉండాలి. యంత్రాలు ఒకే పద్ధతిని అనుసరించాలి. భారత ప్రభుత్వం కూడా 2015లో ఈ-పాలనకు ఇటువంటి చట్రాన్ని రూపొందించింది. వీటిలో మూడవదైన అర్థస్థాయి ప్రధానంగా భాషకు సంబంధించినది.

3. మూడు పట్టణాలు – ఒక ఉదాహరణ:

2022 ఏప్రిల్ 4కు ముందు తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు జిల్లాలోనివే. ఆనాడు జరిగిన పునర్విభజనతో తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండగా, బాపట్ల, రేపల్లెలు కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరాయి. రేపల్లె నివాసి పాత ధ్రువపత్రంలో గుంటూరు జిల్లా అనీ, కొత్తదానిలో బాపట్ల జిల్లా అనీ ఉండటం సహజం. రెండూ ఒకే ఊరని మనిషికి తెలుసు. అక్షరాలను మాత్రమే పోల్చే యంత్రానికి అవి రెండు వేర్వేరు చిరునామాలు. ఈ చిక్కును తొలగించడానికే కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వ డైరెక్టరీ ప్రతి జిల్లాకు, మండలానికి, గ్రామానికి ప్రత్యేక సంకేతసంఖ్యను కేటాయిస్తుంది. శాఖలన్నీ ఊరి పేరుతో పాటు ఆ సంఖ్యను కూడా నమోదు చేస్తే పరిధి మారినా ఊరి గుర్తింపు చెక్కుచెదరదు.

4. పేర్లు – లిపి:

ఊరికి సంఖ్య ఉన్నా, మనిషి పేరు విషయంలో సమస్య మిగిలే ఉంటుంది. ‘సీతారామమ్మ’ అనే పేరును రోమన్ లిపిలో రాసేటప్పుడు ఒకరు దీర్ఘాలను చూపుతారు, మరొకరు విడిచిపెడతారు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకొకచోట పొడి అక్షరంగా, వేరొకచోట చివరన కనిపిస్తుంది. భూమి దస్త్రంలో ఒక రూపం, బ్యాంకు ఖాతాలో మరొక రూపం ఉంటే, అర్హత ఉన్న వృద్ధురాలికి కూడా పింఛను ఆగిపోయే ప్రమాదం ఉంది.

లిపి సంకేతీకరణ మరొక చిక్కు. భారతీయ భాషలకు యూనికోడ్‌ను ఈ-పాలన ప్రమాణంగా కేంద్రం 2009లోనే ప్రకటించింది. అంతకుముందు యూనికోడేతర ఫాంట్లలో సిద్ధమైన దస్త్రాలు ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా మారతాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు, గుణింతాలు తారుమారు కాకుండా సరిచూడగలిగేది తెలుగు తెలిసినవారే.

5. ఆన్‌లైన్ శిక్షణ – చేర్చదగిన అంశాలు:

2020లో ఆమోదం పొందిన మిషన్ కర్మయోగిలో భాగమైన ఐగాట్ వేదిక ప్రభుత్వోద్యోగులకు ఆన్‌లైన్ పాఠాలను అందిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ, వార్డు సచివాలయాల్లో పౌరుల వివరాలను నమోదు చేసే ఉద్యోగులకు ఇటువంటి వేదికల ద్వారా మూడు అంశాలు నేర్పడం అవసరం. ఒకటి, పేరును ముందు తెలుగులో నమోదు చేసి, ఒకే నియమంతో లిప్యంతరీకరించడం. రెండు, ఊరిని సంకేతసంఖ్యతో గుర్తించడం. మూడు, తేడా కనిపించినప్పుడు దరఖాస్తును తిరస్కరించక, పౌరుణ్ణి అడిగి సరిదిద్దడం.

మూడవది మిక్కిలి ముఖ్యం. 2025 జనవరి 30న ‘మనమిత్ర’ పేరుతో వాట్సాప్ ద్వారా 161 ప్రభుత్వసేవలు ప్రారంభమయ్యాయి. సేవలు ఇలా ఒకచోట చేరేకొద్దీ, అనుసంధానమైన వ్యవస్థల్లో ఒకచోట జరిగిన తప్పు అన్నిచోట్లకూ అంతే వేగంగా వ్యాపించగలదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తన వివరాలను సరిదిద్దించుకొనే హక్కును వ్యక్తికి గుర్తించింది. ఆ హక్కు ఆచరణలోకి రావాలంటే నమోదు చేసే ఉద్యోగికి దానిపై అవగాహన ఉండాలి.

6. ముగింపు:

పరస్పరానుసంధానం యంత్రాలతో మాత్రమే పూర్తయ్యే పని కాదు. పేర్ల నిర్మాణం, లిప్యంతరీకరణ, పరిపాలనా పరిభాష తెలుగుశాఖలు అధ్యయనం చేయదగిన అంశాలు. శిక్షణపాఠాల రూపకల్పనలో భాషాపరిశోధకులు పాలుపంచుకొంటే, అక్షరభేదం కారణంగా అర్హులు హక్కు కోల్పోయే పరిస్థితిని చాలావరకు నివారించవచ్చు.