పిందెకు కాపలా

మదనపల్లె టమాటాలు లారీలలో చెన్నై కోయంబేడు మార్కెట్టుకు వస్తాయి. వాటిలో బాగా పండినవి త్వరగా బూజుపట్టి కుళ్ళుతాయి. పచ్చికాయలు ఎక్కువ రోజులు నిలుస్తాయి. ఎందువల్ల?

కాయలోని కణాలను పెక్టిన్ అనే పదార్థం జిగురులా అతికి ఉంచుతుంది. బూజు వంటి శిలీంధ్రాలకు నోరు లేదు. అవి పాలీగాలక్ట్యురోనేజ్ అనే ఎంజైమును వదిలి, పెక్టిన్‌ను ముక్కలు చేసి, ఆ దారిన లోపలికి ప్రవేశిస్తాయి.

మొక్క ఊరుకోదు. కణకవచంలోని ఒక రకపు మాంసకృత్తు ఆ ఎంజైమును పట్టుకొని, దాని పనిని మందగింపజేస్తుంది. అప్పుడు పెక్టిన్ పూర్తిగా కరగక, కొంత పొడవైన ముక్కలుగా మిగులుతుంది. శత్రువు వచ్చినట్లు మొక్కకు తెలిపేవి ఆ ముక్కలే! ఇటువంటి మాంసకృత్తులు బీన్సు, టమాటా కాండాలలో ఉన్నట్లు అమెరికాలో ఆల్బర్‌షైమ్, ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞులు 1971లో తెలిపారు.

బేరి వంటి పండ్లలో ఈ మాంసకృత్తు పిందె దశలో ఎక్కువగా ఉండి, పండేకొద్దీ తగ్గుతుంది. పచ్చికాయ నిలవడానికి గల కారణాలలో ఇదొకటి. గింజ ముదిరే వరకు కాయకు కాపలా అవసరం. ముదిరిన తరువాత పక్షులు, జంతువులు పండును తిని గింజలను వెదజల్లాలి కదా!

కనుక పండ్లను ఏరేటప్పుడు గోటితో నొక్కరాదు. కాపలా తగ్గిన పండులోకి శిలీంధ్రం చొరబడటానికి చిన్న గాటు చాలు.