పన్ను తీయవలసి వచ్చినప్పుడు

మానవ దేహంలో ఎముక కంటె కఠినమైన పదార్థం ఒకటి ఉంది. అది దంతాన్ని కప్పి ఉండే పింగాణి పొర. ఎముక విరిగితే అతుకుతుంది. చర్మం తెగితే మానుతుంది. పింగాణి పొర మాత్రం ఒకసారి కరిగి గుంట పడితే తనంత తాను పూడుకోలేదు. దేహంలో అన్నింటికంటె దృఢమైన భాగమే తన గాయాన్ని తాను మాన్పుకోలేని భాగం కావడం దంతంలోని విశేషం. అందుచేతనే దంత విషయంలో చూపే ఉపేక్షకు ఫలితం తీవ్రంగా ఉంటుంది.

మనిషికి బాల్యంలో 20 పాలపళ్లు, ఆ తరువాత 32 శాశ్వత దంతాలు వస్తాయి. ఆహారాన్ని కొరకడానికి కుంతకాలు, చీల్చడానికి రదనికలు, నమలడానికి అగ్రచర్వణకాలు, చర్వణకాలు ఏర్పడ్డాయి. పాలపన్ను ఊడే తీరు గమనింపదగినది. కింది నుంచి శాశ్వత దంతం పైకి వస్తున్నకొద్దీ పాలపన్ను వేరు క్రమంగా కరిగిపోతుంది. వేరు లేని పన్నును చిన్న పిల్లలు నాలుకతో కదిపి ఊడదీసుకొని, ఇంటి కప్పు మీదికి విసిరి, ఆటకు పరుగెత్తుతారు. శాశ్వత దంతానికి ఆ సౌలభ్యం లేదు. దాని వేరు దవడ ఎముకలోని గూటిలో లోతుగా దిగి ఉంటుంది. వేరుకూ ఎముకకూ నడుమ సన్నని తంతువుల పొర ఉండి, రెండింటినీ గట్టిగా కలిపి ఉంచుతుంది. అటువంటి దంతాన్ని తీయాలంటే శాస్త్రజ్ఞానం, హస్తకౌశలం రెండూ కావాలి.

పన్ను తీయవలసిన అవసరం పలు కారణాల వల్ల కలుగుతుంది. వాటిలో మొదటిది పిప్పిపన్ను. నోటిలోని సూక్ష్మజీవులు మనం తినే తీపి పదార్థాలను, పిండిపదార్థాలను ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ ఆమ్లాలు పింగాణి పొరను కరిగిస్తాయి. గుంట లోతై, దంతం నడుమ రక్తనాళాలు, నాడులు ఉండే మెత్తని భాగాన్ని చేరగానే తీవ్రమైన పోటు మొదలవుతుంది. గుంట చిన్నదిగా ఉన్నప్పుడు దానిని శుభ్రపరచి నింపితే సరిపోతుంది. నాడి వరకు చేరినా రూట్ కెనాల్ చికిత్సతో చాలా దంతాలను కాపాడవచ్చు. పైభాగమంతా శిథిలమై, నిలబెట్టడానికి ఆధారమే మిగలనప్పుడు తీయడం తప్పదు.

రెండవది చిగుళ్ల వ్యాధి. పళ్ల మొదళ్ల వద్ద పేరుకున్న పాచి గట్టిపడి గారగా మారుతుంది. దాని వల్ల చిగురు వాచి, లోపలి ఎముక క్రమంగా క్షీణిస్తుంది. పునాది కరిగిన గోడవలె, ఏ గుంటా లేని పన్ను కూడ కదిలి ఊగుతుంది. మూడవది జ్ఞానదంతం. సాధారణంగా 17, 25 సంవత్సరాల నడుమ వచ్చే ఈ చివరి చర్వణకానికి దవడలో చోటు చాలకపోతే అది అడ్డంగా పెరిగి, పక్క పన్నును ఒత్తుతుంది. పైనున్న చిగురు మాటిమాటికీ వాస్తుంది. ఇవికాక, వేరు నిలువునా చీలినప్పుడు, పాలపన్ను ఊడక శాశ్వత దంతానికి అడ్డుపడినప్పుడు, వంకర పళ్లను సరిచేయడానికి చోటు కావలసినప్పుడు కూడ వైద్యులు పన్ను తీస్తారు.

ఇన్ని కారణాలున్నా, అనేకులు వైద్యుని వద్దకు వెళ్లడానికి జంకుతారు. పై వరుస పన్ను తీయిస్తే కంటిచూపు దెబ్బతింటుందనే భయం మన సమాజంలో బలంగా ఉంది. ఇటువంటి భయం ప్రాచీన వైద్యంలోనూ కనిపిస్తుంది. శస్త్రాల పట్టికలో దంతశంకువును పేర్కొన్న సుశ్రుత సంహిత, పై వరుసలోని పన్ను కదులుతున్నా వైద్యుడు దానిని తీయరాదని హెచ్చరించింది. తీస్తే రక్తం అతిగా స్రవించి, కన్ను పోవడం, ముఖం వంకరపోవడం వంటి ఘోరవ్యాధులు కలుగుతాయని చెప్పింది. నేటి సాధనాలేవీ లేని కాలంలో రక్తస్రావానికి భయపడిన వైద్యుని జాగ్రత్తగా ఆ మాటను గ్రహించాలి. శరీర నిర్మాణశాస్త్రం ఇప్పుడు ఈ సందేహాన్ని తీర్చింది. చూపును మెదడుకు చేర్చేది రెండవ కపాల నాడి అయిన దృక్ నాడి. పళ్లకు స్పర్శను, నొప్పిని కలిగించేవి ఐదవ కపాల నాడి అయిన త్రిధార నాడి శాఖలు. ఈ రెండూ వేరు వేరు. కాబట్టి పన్ను తీసినంతమాత్రాన చూపు పోదు. నిజానికి ప్రమాదం మరొక వైపు ఉంది. చీము పట్టిన పై పన్నును అలాగే వదిలితే, ఆ చీము కంటి పరిసరాలకు పాకే అవకాశం ఉంది.

కింది దవడలో చేరిన చీము మరింత భయంకరం. కింది చర్వణకాల నుంచి అది నాలుక అడుగుకు, గొంతుకు వ్యాపిస్తే శ్వాసమార్గమే మూసుకుపోవచ్చు. 1836లో ఈ స్థితిని వర్ణించిన జర్మన్ వైద్యుడు లుడ్‌విగ్ పేరుతో దీనిని లుడ్‌విగ్ ఆంజైనా అంటారు. ఒక్క పంటిని ఉపేక్షిస్తే ప్రాణం మీదికి రావడమంటే ఇదే.

భయానికి రెండవ కారణం నొప్పి. ఒకప్పుడు ఆ భయం నిజమైనదే. 1844 డిసెంబర్ 11న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్చి, సహవైద్యుని చేత తన పన్నునే తీయించుకొన్నాడు. 1846 సెప్టెంబర్ 30న బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్ మత్తులో ఒక రోగి పన్ను తీశాడు. సమస్త శస్త్రచికిత్సలకూ వరమైన మత్తు విధానానికి పంటినొప్పే దారి చూపిందనడం అతిశయోక్తి కాదు. నేడు విరివిగా వాడే లిడొకెయిన్‌ను స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో రూపొందించాడు. ఇది రోగిని నిద్రపుచ్చదు. సూదిమందు ఇచ్చిన చోట నాడి నొప్పిని మెదడుకు చేరవేయకుండా కొంతసేపు ఆపుతుంది. అందుచేత రోగికి ఒత్తిడి తెలుస్తుంది గాని నొప్పి తెలియదు. నొప్పి తెలిస్తే చేయి ఎత్తి చెప్పవచ్చు. వైద్యుడు మరికొంత మందు ఇస్తాడు.

పన్ను తీసే ముందు వైద్యుడు ఎక్స్‌రే ద్వారా వేర్ల సంఖ్యను, వంపును, సమీపంలోని నాడి స్థానాన్ని పరిశీలిస్తాడు. మధుమేహం, రక్తపోటు, గుండె కవాటాల వ్యాధి, గర్భం, మందుల అలవాటు వంటి వివరాలను రోగి దాచకుండా చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రలను, ఎముకల బలానికి వాడే కొన్ని మందులను గురించి తప్పక తెలపాలి. అయితే వాటిని సొంత నిర్ణయంతో మానివేయకూడదు.

మత్తు పూర్తిగా పట్టిన తరువాత ఎలివేటర్ అనే సన్నని సాధనంతో పన్నును గూటి నుంచి వదులు చేస్తారు. ఫోర్సెప్స్ అనే పట్టకారుతో పట్టి, మెల్లగా అటూ ఇటూ కదుపుతారు. ఈ కదలికకు చుట్టూ ఉన్న ఎముక కొద్దిగా విచ్చుకుంటుంది, తంతువులు తెగుతాయి. జనం అనుకొనేటట్లు ఇది బలంతో లాగడం కాదు, ఓపికతో సడలించడం. ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతమైతే చిగురును కోసి, అవసరమైతే పన్నును ముక్కలు చేసి తీసి, కుట్లు వేస్తారు. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమి అని సామెత. పన్ను తీయించుకోవడానికి మాత్రం ఏ చేయి అయినా పనికిరాదు. అర్హత లేనివారి చేతిలో వేరు విరిగి లోపలే మిగలవచ్చు. శుభ్రపరచని సాధనాల వల్ల ఇతరుల వ్యాధులు సోకవచ్చు.

వైద్యుని పని ముగిసిన చోట రోగి బాధ్యత మొదలవుతుంది. ఖాళీ అయిన గూటిలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ వ్యర్థపదార్థం కాదు. బయటపడిన ఎముకను, నాడులను కప్పి, కొత్త కణజాలానికి ఆధారమయ్యే సహజమైన కట్టు. పన్ను తీసిన తరువాత పాటించే నియమాలన్నీ దానిని కాపాడటానికే. వైద్యుడు పెట్టిన గాజుగుడ్డను సుమారు అరగంట నుంచి ముప్పావు గంట వరకు గట్టిగా కొరికి పట్టాలి. ఆ రోజంతా ఉమ్మరాదు, పుక్కిలించరాదు, గొట్టంతో పానీయాలు పీల్చరాదు. పీల్చినా ఉమ్మినా గడ్డ ఊడిపోయే ప్రమాదం ఉంది. లాలాజలంలో కొద్దిగా ఎరుపు కనిపిస్తే కలత చెందనవసరం లేదు. మొదటి రోజు చెంపపై బయటి నుంచి మంచుగడ్డను గుడ్డలో చుట్టి, పది పదిహేను నిమిషాల చొప్పున విరామమిస్తూ అద్దితే వాపు తగ్గుతుంది. చల్లారిన జావ, పెరుగన్నం, మజ్జిగ వంటివి తీసుకొంటూ, రెండవ వైపు నమలాలి. మత్తు తగ్గేదాకా పెదవిని, చెంపను కొరుక్కోకుండా చూసుకోవాలి. పిల్లల విషయంలో పెద్దలు దీనిని కనిపెట్టి ఉండాలి. 24 గంటలు గడచిన తరువాత గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి, భోజనం తరువాత మృదువుగా నోరు కడుక్కోవాలి. మిగిలిన పళ్లను ఎప్పటివలె తోముకోవాలి.

బీడి, సిగరెట్, చుట్ట, గుట్కా, ఖైనీ ఈ దశలో మరింత హానికరం. పొగాకు గాయానికి రక్తప్రసారాన్ని తగ్గిస్తుంది. పొగ పీల్చడం గడ్డను కదిలిస్తుంది. గడ్డ ఊడితే ఎముక బయటపడి, రెండు మూడు రోజుల తరువాత చెవి దాకా పాకే తీవ్రమైన నొప్పి, దుర్వాసన కలుగుతాయి. దీనిని డ్రై సాకెట్ అంటారు. వైద్యుడు గూటిని శుభ్రపరచి మందు పెడితే ఇది తగ్గుతుంది. గట్టిగా కొరికి పట్టినా రక్తం ఆగకపోయినా, మూడు రోజుల తరువాత వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా వెంటనే వైద్యుని సంప్రదించాలి. మింగడం, ఊపిరి పీల్చడం కష్టమైతే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరాలి.

సాధారణంగా రెండు మూడు వారాలలో చిగురు పూడుకుంటుంది. లోపల ఎముక నిండడానికి కొన్ని నెలలు పడుతుంది. గాయం మానినా ఖాళీ మాత్రం మిగులుతుంది. పక్క పళ్లు దానివైపు ఒరుగుతాయి. ఎదుటి పన్ను ఆ సందులోకి జారుతుంది. అందుకే జ్ఞానదంతం కాని పన్నును తీయించుకొన్నవారు కట్టుడు పన్ను, బ్రిడ్జి లేదా ఇంప్లాంట్ గురించి వైద్యుని సలహా తీసుకోవాలి. ఏ కృత్రిమ దంతమూ పుట్టుపంటికి సాటి రాదు. ఉదయం, రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోముకోవడం, తీపిని మితంగా తినడం, చిన్న గుంట కనిపించగానే వైద్యునికి చూపించడం అలవరచుకొన్నవారికి పన్ను తీయించుకోవలసిన అవసరమే అరుదుగా కలుగుతుంది. అవసరమైనప్పుడు భయపడి వాయిదా వేయడం, అవసరం లేనప్పుడు నొప్పి పోతే చాలునని తీయించివేయడం రెండూ పొరపాట్లే.