క్లచ్ పెడల్ కిందికే పోతే... ప్లేటు కాదు, ముందు ఆయిల్ చూడాలి!

సిద్దిపేట: తెల్లవారక ముందే మార్కెట్టుకు చేరాల్సిన టమాట ట్రేలు నడిరోడ్డు మీదే వుండిపోతే ఆ పూట ధర రైతుకు దక్కదు. ఇంజను బాగానే వుంటుంది. టైర్లు బాగానే వుంటాయి. కాలు పెట్టగానే క్లచ్ పెడల్ మాత్రం కిందికి పోతుంది, గేరు పడదు. పాత పికప్ బండ్లను తరచు పీడించే ఈ జబ్బుకు చాలాసార్లు కారణం రూపాయి బిళ్లంత రబ్బరు ముక్క.

2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో కూరగాయల రైతుకు పికప్ బండే ఆధారం. ములుగు మండలం వంటిమామిడి మార్కెట్టుకైనా, ఇంకా ముందుకు బోయినపల్లికైనా సరుకు రాజీవ్ రహదారి మీదుగానే వెళుతుంది. సిద్దిపేట నుంచి హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. ఇంత దూరంలో డ్రైవరు ఎన్నిసార్లు క్లచ్ తొక్కాలో లెక్కే లేదు.

తీగ వుండే క్లచ్‌లో తీగ తెగితే కంటికి కనిపిస్తుంది. ఆయిల్ క్లచ్ సంగతి వేరు. పెడల్ తొక్కగానే పైనున్న మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను సన్నని పైపులోకి తోస్తుంది. ఆ ఒత్తిడికి గేరుబాక్సు పక్కనున్న స్లేవ్ సిలిండర్‌లో పిస్టన్ కదిలి, క్లచ్ ఫోర్కును నెడుతుంది. మెకానిక్ షెడ్డులోని హైడ్రాలిక్ జాకీ, చెరువు పూడిక తీసే జేసీబీ చేయి పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే. 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ దీనిని వివరించాడు.

సిలిండర్‌లోని రబ్బరు అరిగితే ఆయిల్ కారుతుంది, గాలి చేరుతుంది. గాలి స్పంజిలా నొక్కుకుపోతుంది గనుక తొక్కిన బలం ఫోర్కుకు అందదు. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గేరు పడుతోందంటే ఈ అనుమానమే మొదట రావాలి.

జబ్బు ఎక్కడ?

గేరు పడటం లేదనగానే గేరుబాక్సు దింపించి ప్లేటు మార్పించుకునేవారున్నారు. ఖర్చు పెరుగుతుంది, ఒక రోజు కిరాయి పోతుంది, జబ్బు మాత్రం అలాగే వుంటుంది. ముందుగా ఆయిల్ డబ్బా చూడాలి. మట్టం దిగి, స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు కింద తడి వుంటే అదే పోయినట్టు. క్యాబిన్‌లో పెడల్ రాడ్డు దగ్గర తడి వుంటే మాస్టర్ పోయినట్టు. ఎక్కడా కారకుండానే, తొక్కి పట్టిన పెడల్ మెల్లగా జారుతుంటే మాస్టర్‌లోపలి రబ్బరును అనుమానించాలి. స్లేవ్ రాడ్డు పూర్తిగా కదులుతున్నా గేరు పడకపోతే అప్పుడు ప్లేటు, ఫోర్కు చూడాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తూ బండి లాగకపోవడం వేరే జబ్బు. అది ఎక్కువగా ప్లేటు అరుగుదల.

మార్చడం ఇలా

బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందికి దూరకూడదు. స్లేవ్ సిలిండర్ బయటే వున్న బండ్లలో గేరుబాక్సు దింపే పనే లేదు. సరైన పానాతో పైపు నట్టు వదులు చేసి, కారే ఆయిల్‌ను డబ్బాలో పట్టి, బోల్టులు విప్పితే అది చేతికి వస్తుంది. లోపలి గోడ నున్నగా వుంటే రబ్బరు కిట్టు వేయవచ్చు. గీతలో, తుప్పో వుంటే కొత్త సిలిండర్ వేయడమే మేలు. అరిగిన గోడ మీద కొత్త రబ్బరు ఎక్కువ కాలం నిలవదు.

బిగించాక గాలి తీయాలి. దీనికి ఇద్దరు కావాలి. పైనున్నవారు పెడల్ తొక్కి పట్టాలి. కిందున్నవారు గాలి తీసే స్క్రూ వదులు చేసి, బుడగలతో ఆయిల్ రాగానే బిగించాలి. ఆ తరువాతే పెడల్ వదలాలి. బుడగలు ఆగేదాకా ఇలా చేస్తూ, డబ్బా ఖాళీ కాకుండా ఆయిల్ పోస్తుండాలి. మధ్యలో ఖాళీ అయితే మళ్లీ మొదటికే వస్తుంది.

ఆయిల్ విషయంలో జాగ్రత్త

మూత మీద డాట్-3 అని వుందో, డాట్-4 అని వుందో చూసి ఆ బ్రేక్ ఆయిలే పోయాలి. అందుబాటులో వుంది కదా అని ఇంజను ఆయిల్ పోస్తే రబ్బర్లు ఉబ్బి పాడైపోతాయి. డీజిలుతో కడిగినా అంతే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఎన్నాళ్లో మూత తీసి వుంచినది పనికిరాదు. రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. కళ్లకు తగలనీయకూడదు, పిల్లలకు అందనీయకూడదు. కొన్ని బండ్లలో బ్రేకుకూ, క్లచ్‌కూ ఒకే డబ్బా వుంటుంది. అలాంటి బండిలో మట్టం దిగితే బ్రేకులను కూడా చూపించుకోవాలి.

సాయంత్రం లోడు ఎత్తే ముందు బానెట్ తెరిచి ఆయిల్ మట్టం చూడటానికి నిమిషం చాలు. ఆ నిమిషమే రైతు పంటను వేళకు మార్కెట్టుకు చేరుస్తుంది.