వేరుకు వెలుపలి వేరు

పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున ప్రష్యా ప్రభుత్వము, భోజనప్రియులు మిక్కిలి వెలపెట్టి కొను ట్రఫుల్ అను భూగర్భపు పుట్టగొడుగును తన యడవులలో పండించు నుపాయము కనుగొనుమని ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అను వృక్షశాస్త్రవేత్తను నియోగించెను. ట్రఫుల్ సాగు ఫలింపలేదు గాని, ఆ నెపమున చెట్ల వేళ్లను త్రవ్వి పరీక్షించిన యాయన, వేళ్ల కొనలను శిలీంధ్రపు పొర యొకటి కప్పియుండుటయు, అట్టి చెట్లు రోగగ్రస్తములు గాక పచ్చగానే యుండుటయు గమనించి, 1885లో ఈ జంటకు మైకోరైజా యని నామకరణము చేసెను. బూజన్నంతనే కుళ్లును, తెగులును తలచు నాటి పండితులలో పెక్కురు ఆయన మాటను సులభముగా నమ్మలేదు.

అయితే ఫ్రాంక్ చూచినది ఓక్, పైన్ వంటి అడవిచెట్ల వేళ్లను వెలుపలనుండి ఆవరించు శిలీంధ్రము. మన జొన్నకు, కందికి, వేపకు, మామిడికి తోడుపడునది వేరొక తెగకు చెందినది. అది వేరులోనికే చొచ్చుకొనిపోవును, పుట్టగొడుగు పెట్టదు, వట్టి కంటికి కనబడదు. నేలపై నున్న మొక్కజాతులలో సుమారు 70 శాతమునకు దీనితో పొత్తు గలదు. ప్రయోగశాలలో జొన్నమొక్క సన్నవేళ్లను శుభ్రముగా కడిగి, పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణములో కాచి రంగు పోగొట్టి, వెనిగరులో ఫౌంటెన్ పెన్ను సిరా కలిపి అందులో కొలది నిమిషములు మరిగించి, సూక్ష్మదర్శిని క్రింద నుంచినచో, తేటపడిన ఆ వేరులో కణముల నడుమ సాగిపోవు నీలిదారములును, అవి యొక్కొక్క కణములో దూరి కొమ్మలు రెమ్మలుగా చీలి చిట్టిచెట్టు రూపు దాల్చుటయు గోచరించును. ఆ చిట్టిచెట్టు కణపు గోడను దాటునే గాని లోపలి పొరను చీల్చదు. పొరయే ముడుతలు పడి దానిని చుట్టుకొనగా, ఆ యిరుకు సందులో ఇచ్చిపుచ్చుకొనుట జరుగును. స్కాట్లండులో రైనీ గ్రామము చెంత దొరకిన 40 కోట్ల యేండ్లనాటి శిలలలో, నిజమైన వేళ్లింకను ఏర్పడని మొక్కల కాండములందు సైతము ఈ రూపమే రాతిలో నిలిచియున్నది.

ఇచ్చిపుచ్చుకొనునదేమి? ప్రధానముగా భాస్వరము. నత్రజని నీటితో పారి వేరును చేరునే గాని, భాస్వరమును ఇనుము, సున్నము, బంకమన్ను పట్టి బంధించును. గుంజకు కట్టిన ఆవు తాడు పొడవున నున్న గడ్డిని మేసివేసి నిలిచి చూచినట్లు, వేరు తన చుట్టు ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర గల భాస్వరమును పీల్చివేసి ఆపై వేచియుండవలసి వచ్చును. నేల యెండినకొలది భాస్వరపు కదలిక మరింత మందగించును గనుక, మెట్టసీమలలో ఈ నిరీక్షణ దీర్ఘమగును. శిలీంధ్రపు తంతువో, మిల్లీమీటరును వేయి భాగములు చేసిన అందులో రెండు మొదలు పది భాగముల మందము మాత్రమే కలిగి, వేరునూగు సైతము చొరలేని మట్టిసందులలో దూరి, సెంటీమీటర్ల దూరమునకు సాగును. ప్రతిఫలముగా మొక్క తాను ఎండలో వండుకొన్న ఆహారములో 4 మొదలు 20 శాతము వరకు చక్కెరగాను, క్రొవ్వుగాను చెల్లించును. ఆ క్రొవ్వును శిలీంధ్రము స్వయముగా తయారుచేసికొనలేదని 2017లో తేలినది.

శిలీంధ్రము పాతాళమునుండి నీరు తోడి మొక్కకు పోయునని చెప్పువారు కలరు, అది అత్యుక్తి. తంతువులు మోయు నీరు స్వల్పమే. కరవులో దాని మేలు వేరు విధమైనది: ఎండిన నేలయు, ముడుచుకొన్న వేరును ఒకదానినుండి యొకటి ఎడబాసి నడుమ సందు పడినప్పుడు, తంతువులు ఆ సందును దాటి రెంటిని కలిపి పట్టుకొనును, మట్టిరేణువులను పెనవేసి గుల్లగా నిలుపును. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురపు ఎఱ్ఱనేలలలో విస్తారముగా సాగగు వేరుశనగకు వేరునూగు మిక్కిలి తక్కువ. ఆ లోటును ఈ తంతువులే చాలవరకు పూరించుచున్నవి.

భాస్వరము కొరవడిన వేరు స్ట్రిగోలాక్టోన్ అను ద్రవ్యమును మట్టిలోనికి విడిచి శిలీంధ్రమును ఆహ్వానించును. ఈ పిలుపును పొంచి వినునది మరియొకటి గలదు: జొన్నచేలలో వేళ్లపై బ్రతికి పైరును పీల్చివేయు మల్లె యను కలుపు. ఏండ్ల తరబడి మన్నులో నిదురించు దాని విత్తనము ఆ ద్రవ్యపు జాడ తెలిసిననే మేల్కొనును.

ఇక నగరపు మాట. హైదరాబాదు వంటి పట్టణములో మేడలకు సెల్లారు త్రవ్వగా వెలువడిన లోతుమన్నును, మొరమును రోడ్డు నడిమి మడులలో నింపి, అందు కానుగలు నాటుదురు. ఆ మన్నులో ఏ వేరును ఎన్నడు పెరిగినది కాదు. వేరు లేనిచోట ఈ శిలీంధ్రము బ్రతుకదు. దాని బీజములు పుట్టగొడుగు బీజములకన్న ఎంతో పెద్దవై నేలలోనే పడియుండును గనుక గాలి వాటిని సులభముగా మోసికొనిపోలేదు. నలువైపుల సిమెంటు పరచిన మడికి అవి తమంతట చేరుట దుర్లభము. నర్సరీలో భాస్వరపు ఎరువు పుష్కలముగా తిని పెరిగిన మొక్కయు శిలీంధ్రమును పిలువక ఒంటరిగానే వచ్చును. ఫ్రాంక్ చూచిన తెగ విషయమునను ఇంతే: ప్యూర్టోరికో ద్వీపమున ఎన్నిమార్లు నాటినను పైన్ మొక్కలు ఎదుగక గిడసబారుచుండ, 1950ల దశకమున అమెరికాలోని పైన్ తోపుల మట్టిని తెచ్చి వేసిన పిదపనే అవి కోలుకొన్నవి.

ఇప్పుడు వ్యామ్ అను పేర, వేరులోనికి చొచ్చు తెగకు చెందిన శిలీంధ్రము పొట్లములలో అమ్ముడగుచున్నది. సజీవమైన వేరు లేక అది పెరుగదు గనుక, జొన్న, మొక్కజొన్న వంటి మొక్కల వేళ్లపై పెంచి, ఆ మట్టిని, వేరుముక్కలను కలిపి సంచులకెత్తుదురు. నారుమడిలో వేరుకు తాకునట్లు వేసిన మంచి సరుకు మేలు చేయును. కాని విదేశములలో పరీక్షింపబడిన పొట్లములలో పెక్కింట బ్రతికిన బీజములే కనబడలేదు. నా మట్టుకు, గుంత త్రవ్వునప్పుడు పైజానెడు మన్నును వేరుగా తీసియుంచి తిరిగి వేరుచుట్టే వేయుటయు, చెంతనున్న పాత వేపక్రిందినుండి, వేళ్లపై నులిపురుగుల బుడిపెలు లేవని చూచికొని, గంపెడు మన్ను తెచ్చి కలుపుటయు మేలని తోచును. మెట్టసీమలలో చెట్టునీడన గల మన్నులో బీజములు బయటి బీడుకన్న తరచుగా అధికము. మేడమీది కుండీలలో తోటకూరకును, పాలకూరకును, ఆవకును ఈ పొట్లములు చల్లువారు మాత్రము డబ్బు దండుగ చేసికొనుచున్నారు: ఆ మూడును శిలీంధ్రముతో పొత్తు పెట్టుకొనని కుటుంబములకు చెందినవి.