సంఖ్యాబలం – సభాధర్మం : గ్రామ బహిష్కరణలపై ఒక పరిశీలన

ప్రజాస్వామ్యమనగా అధిక సంఖ్యాకుల పాలన అని సామాన్య నిర్వచనం. ఈ నిర్వచనంలో సత్యమున్నది గాని సంపూర్ణ సత్యం లేదు. పదిమంది కలసి జీవించే చోట అభిప్రాయభేదాలు సహజం. చెరువు పూడిక ముందు తీయవలెనా, బడికి ప్రహరీగోడ ముందు కట్టవలెనా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎక్కువమంది మాట చెల్లడమే న్యాయం. అయితే ఆ పదిమందిలో తొమ్మండుగురు ఒక్కటై, పదవవానితో ఎవరూ మాటాడరాదనీ, అతనికి ఉప్పు అమ్మరాదనీ, అతని పొలం దున్నరాదనీ తీర్మానించవచ్చునా? ఇదియును అధికసంఖ్యాక నిర్ణయమే కదా అనే వారికి సమాధానమేమిటి? దానిని అన్వేషించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

గ్రామాభివృద్ధి కమిటీలు

ఈ ప్రశ్న కేవలం సిద్ధాంతచర్చ కాదు. మల్లాపూర్, కోరుట్ల, మెట్‌పల్లి మండలాలున్న జగిత్యాల జిల్లాలోను, ఇరుగుపొరుగున ఉన్న నిజామాబాదు, నిర్మల్ జిల్లాలలోను గ్రామాభివృద్ధి కమిటీలు చిరకాలంగా పనిచేస్తున్నాయి. వాడుకలో వీటిని వీడీసీలంటారు. కులానికి ఒకరిద్దరు పెద్దలు ఇందులో కూర్చుంటారు. గుడి కట్టించడం, దారి బాగుచేయించడం, తగవులు తీర్చడం వంటి పనులు ఇవి చేస్తాయి. ఇందుకు కావలసిన ధనాన్ని చందాలుగాను, దుకాణాల వేలంపాటల ద్వారాను, జుర్మానాల రూపంలోను సమకూర్చుకొంటాయి. వీటివలన ఊరికి మేలు జరిగిన సందర్భాలను కాదనలేము.

అయితే ఈ కమిటీ మాట కాదన్నవారికి విధించే దండన సాంఘిక బహిష్కరణ. భూమి తగాదా కావచ్చు, కల్లు ధర విషయం కావచ్చు, జుర్మానా చెల్లించలేదన్న కోపం కావచ్చు. ఒక కుటుంబాన్నో, ఒక్కొక్కసారి ఒక కులాన్నో వెలివేసినట్లు ఊరంతా చాటిస్తారు. నాటినుండి కిరాణా దుకాణంలో వారికి సరుకు పుట్టదు. కూలికి పిలిచేవారుండరు. ట్రాక్టరు వారి పొలంలోకి దిగదు. శుభాశుభ కార్యాలకు రాకపోకలుండవు. ఆజ్ఞ మీరి వారితో మాటాడినవారికి కూడ జుర్మానా పడుతుంది. ఇటువంటి ఉదంతాలు పత్రికలలో పలుమార్లు వచ్చినవే.

ఈ చివరి నిబంధన మిక్కిలి గమనింపదగినది. ఊరంతా ఇష్టపూర్వకంగా ఒకని విడిచిపెట్టినదైతే, మాటాడినవారికి జుర్మానా ఎందుకు? జుర్మానా ఉన్నదంటే మాటాడదలచినవారు ఉన్నారన్నమాట. ఊరి ఏకాభిప్రాయమని చెప్పబడేది నిజానికి భయంచేత ఏర్పడిన మౌనం. కనుక బహిష్కరణకు లోనైనవాడు మాత్రమే కాదు, బహిష్కరించిన అధికసంఖ్యాకుడు సైతం ఆ క్షణం నుండి స్వతంత్రుడు కాడు.

ప్రాచీన సభలలో సంఖ్యకు హద్దులు

ఈ మౌనం మన సాహిత్యానికి అపరిచితం కాదు. నన్నయ తెనిగించిన సభాపర్వంలోని ద్యూతసభను స్మరించినచో చాలు. ద్రౌపది వేసిన ప్రశ్నకు సభలోని పెద్దలెవరూ సూటిగా బదులు చెప్పలేదు. ధృతరాష్ట్రుని కుమారులలో వికర్ణుడొక్కడే లేచి, ఆమె ధర్మబద్ధంగా ఓడింపబడలేదని హేతుపూర్వకంగా నిరూపించినాడు. అప్పుడు సభ్యులు వికర్ణుని మెచ్చుకొని శకునిని నిందించినట్లు సంస్కృతమూలం చెప్పుతున్నది. అనగా పలువురి హృదయం వికర్ణుని పక్షమే. అయినప్పటికీ కర్ణుడు గద్దించగా ఆ మెప్పు నిర్ణయంగా మారలేదు. పైకి కనిపించిన సంఖ్య ఒకటి, లోపలి సంఖ్య మరొకటి.

సంఖ్యతో నిర్ణయించే పద్ధతికి శాస్త్రీయమైన నియమాలు చేసినవారిలో బౌద్ధులు ముఖ్యులు. బౌద్ధం మన ప్రాంతానికి దూరమైనది కాదు. సుత్తనిపాతంలో గోదావరీతీరవాసిగా చెప్పబడిన బావరి నివాసాన్ని కొందరు చరిత్రకారులు గోదావరి నడుమనున్న బాదనకుర్తిగా గుర్తించినారు. పూర్వపు కరీంనగరు జిల్లాకు చెందిన ధూళికట్టలో బౌద్ధస్తూపం బయల్పడినది. ఆ బౌద్ధసంఘపు వినయపిటకంలోని చుల్లవగ్గంలో వివాదపరిష్కార మార్గాలు ఏడు చెప్పబడినవి. వాటిలో ఒకటి 'యేభుయ్యసిక', అనగా అధికుల అభిప్రాయాన్ని అనుసరించి తీర్పు చేయడం. భిక్షువులు శలాకలను గ్రహించి తమ మతం తెలిపేవారు. శలాకలను పంచేవాడు పక్షపాతం, ద్వేషం, మోహం, భయం లేనివాడై ఉండవలెనని నియమం.

ఈ శలాకాగ్రహణం ఏయే సందర్భాలలో చెల్లదో కూడ అక్కడ పది విధాలుగా చెప్పినారు. విషయం అల్పమైనప్పుడు చెల్లదు. దానివలన సంఘం చీలిపోతుందని తెలిసినప్పుడు చెల్లదు. సంఘం సమగ్రంగా కాక ఒక వర్గంగా మాత్రమే కూడి చేసినప్పుడు చెల్లదు. తమ నిజమైన అభిప్రాయానుసారం గ్రహింపనప్పుడు చెల్లదు. సంఘానికి దోషిని దూరముంచే అధికారం లేకపోలేదు. అయితే అతని పరోక్షంలోను, అతనిని ప్రశ్నింపకుండాను చేసిన దండకర్మ ధర్మవిరుద్ధమని ఆ గ్రంథమే విధించినది. దండన శాశ్వతం కాదు; తగిన నడవడి చూపినవానికి దానిని ఎత్తివేసే విధానం కూడ ఉన్నది.

ఈ నియమాలను ఆధునిక ప్రజాస్వామ్యమని చెప్పడం అతిశయోక్తి. సంఘంలో జ్యేష్ఠులకు గల ప్రాబల్యం ఎక్కువ. కాని ఒక సూత్రం మాత్రం స్పష్టం: సంఖ్యకు విలువ వచ్చేది సభ సమగ్రమైనప్పుడే, సభ్యుడు నిర్భయుడైనప్పుడే.

1978 నాటి బహిష్కరణ

ఇక్కడ ఒక ఆక్షేపం కలుగవచ్చు. ఈ జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలోనే పేదలు దొరలపై బహిష్కరణాస్త్రాన్ని ప్రయోగించినారు కదా, అది తప్పా? ఈ ఆక్షేపాన్ని దాటవేయరాదు.

అత్యవసర పరిస్థితి 1977లో ముగిసిన పిమ్మట ఈ తాలూకాలలో రైతుకూలీ సంఘాలు బలపడినవి. వెట్టి రద్దు, కూలిరేట్ల పెంపు, దొరలు వసూలు చేసిన జుర్మానాలను తిరిగి ఇప్పించడం, బంజరు భూముల పంపకం వీరి ప్రధానమైన కోరికలు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతుకూలీల మహాప్రదర్శన జైత్రయాత్రగా ప్రసిద్ధి పొందినది. దిగిరాని దొరలకు చాకలి, మంగలి, పాలేరు మొదలైనవారి సేవలు ఆగిపోయినవి. ఆ సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినది.

ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడవలెను. తన శ్రమను తాను ఇవ్వననడం ఒకటి. ఇతరుల శ్రమను, సరుకును, మాటను జుర్మానా భయంతో ఆపడం మరొకటి. వెట్టిచాకిరిని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించినది. వెట్టికి పోనన్న చాకలి ఎవరి హక్కునూ హరించలేదు, తన హక్కును తాను వినియోగించుకొన్నాడు. అది సహాయనిరాకరణం. వీడీసీ ఆజ్ఞ అట్టిది కాదు. అమ్మదలచిన దుకాణదారుని అమ్మనీయదు, పోదలచిన కూలిని పోనీయదు. మరియు మొదటిది బలవంతుని ఆధిపత్యంపై ఎక్కుపెట్టినది, రెండవది బలహీనుని బ్రతుకుతెరువుపై ఎక్కుపెట్టినది. 1978లో సైతం ఇష్టంలేని వారిని కట్టడి చేసిన సందర్భాలున్నచో, ఆ మేరకు అవియును ఈ విమర్శకు లోబడినవే. ఆయుధం పేరు ఒకటే అయినా, న్యాయాన్యాయాలను తేల్చేది దానిని పట్టినవారి సంఖ్య కాదు.

రాజ్యాంగం విధించిన హద్దులు

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చినది. దాని ప్రకారం గ్రామసభ అనగా ఆ గ్రామపు ఓటర్ల జాబితాలో నమోదైన వ్యక్తుల సమూహం. మతం, జాతి, కులం, స్త్రీపురుష భేదం మాత్రమే కారణంగా ఎవరినీ ఓటర్ల జాబితాకు అనర్హులుగా చేయరాదని 325వ అధికరణం చెప్పుతున్నది. ఈ రెండింటిని కలిపి చదివినచో వచ్చే ఫలితం విశేషమైనది. ఊరి సభలో ఒకనికి గల సభ్యత్వం ఊరివారి దయవలన వచ్చినది కాదు, రాజ్యాంగం వలన వచ్చినది. ఊరివారు ఇవ్వనిదానిని ఊరివారు తీసివేయలేరు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం గాని, 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం గాని గుర్తించిన సభ ఈ గ్రామసభయే. వీడీసీకి వాటిలో దండనాధికారం లేదు.

దుకాణాలు, బావులు, చెరువులు, రహదారుల వాడుకలో మత, కులాదుల కారణంగా ఏ పౌరునికీ అడ్డంకి కలిగించరాదని 15(2) అధికరణం శాసిస్తున్నది. 17వ అధికరణం అస్పృశ్యతను రద్దుచేసినది. ఇవి ప్రభుత్వాన్నే గాక తోటి పౌరులను కూడ కట్టడిచేసే నిబంధనలు కావడం విశేషం.

పార్లమెంటుకు సైతం ఇట్టి హద్దు కలదు. కేశవానంద భారతి వ్యాజ్యంలో 1973 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు, రాజ్యాంగాన్ని సవరించే అధికారం విస్తృతమైనదే అయినా దాని మౌలిక స్వరూపాన్ని చెరపడానికి చెల్లదని నిర్ణయించినది. ఆ ధర్మాసనంలో పదముగ్గురు న్యాయమూర్తులుండగా తీర్పు ఏడుగురు, ఆరుగురుగా వచ్చినది. సంఖ్యాబలానికి హద్దు విధించిన తీర్పే ఒక్కరి ఆధిక్యంతో వచ్చినదని కొందరు పరిహసిస్తారు. కాని ఆ ఆరుగురి అభిప్రాయాలు కూడ హేతువులతో అదే తీర్పులో భాగంగా ప్రకటింపబడినవి. వాటిని నేటికీ చదువుతున్నారు. ఓడిన పక్షం నోరు మూయబడలేదు. ధర్మసమ్మతమైన అధికసంఖ్యకు, బహిష్కరణకు గల భేదం ఇదే.

ఓడిన అభిప్రాయం సజీవంగా ఉండడంవలన కలిగే ప్రయోజనానికి మరొక దృష్టాంతం. బొంబాయి రాష్ట్రం 1949లో వెలి నిషేధ చట్టం చేసినది. దావూదీ బోహ్రా మతాధిపతి దానిని ప్రశ్నించగా, 1962లో సుప్రీంకోర్టు నలుగురు, ఒకరుగా విడిపోయి ఆ చట్టాన్ని కొట్టివేసినది. మతకారణాలతో చేసే వెలి మతశాఖ స్వీయవ్యవహారమని అధికుల మతం. ప్రధాన న్యాయమూర్తి బి. పి. సిన్హా ఒక్కరే భిన్నాభిప్రాయం వెలిబుచ్చినారు. అరవై ఏళ్ళు గడచిన తరువాత, 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పు పునఃపరిశీలింపదగినదని భావించి విస్తృత ధర్మాసనానికి నివేదించినది. ఇక గ్రామం మతశాఖ కాదు గనుక, 1962 తీర్పు నీడ వీడీసీకి ఏ విధంగానూ లభింపదు.

చట్టంలోని వెలితి

బహిష్కరణను ప్రత్యేక నేరంగా పరిగణించవలెనని డాక్టర్ అంబేడ్కర్ 1947లోనే కోరినారు. రాజ్యాంగ సభకు సమర్పించిన 'రాష్ట్రాలు – అల్పసంఖ్యాకులు' అనే వినతిపత్రంలో, 1922 నాటి బర్మా బహిష్కరణ నిరోధక చట్టాన్ని ఆధారంగా చేసికొని నిబంధనలను ప్రతిపాదించినారు. అది యథాతథంగా రాజ్యాంగంలోకి రాలేదు. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం అస్పృశ్యతతో ముడిపడిన బహిష్కరణను శిక్షించినది. 1989 నాటి షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచార నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఆ వర్గాలవారిపై సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించినా, విధిస్తామని బెదిరించినా నేరమేనని స్పష్టం చేసినది.

అయితే వెనుకబడిన తరగతులకు చెందిన గీతకార్మికుని కుటుంబాన్నో, చాకలి కుటుంబాన్నో ఊరు వెలివేసినప్పుడు ఈ రెండు చట్టాలు సామాన్యంగా అక్కరకు రావు. బాధితులు సాధారణ శిక్షాస్మృతినే ఆశ్రయించవలసి ఉంటుంది. అమ్మకపోవడం, మాటాడకపోవడం విడివిడిగా చూచినచో ఏదియు నేరంగా కనిపించదు. అన్నీ కలసి ఒక కుటుంబాన్ని ఊపిరాడకుండా చేస్తాయి. ఈ వెలితిని గుర్తించిన మహారాష్ట్ర, కులమతాలతో నిమిత్తం లేకుండా సాంఘిక బహిష్కరణను నిషేధిస్తూ ప్రత్యేక చట్టం చేసినది. 2016 నాటి ఆ చట్టం 2017 జులైలో అమలులోకి వచ్చినది. మూడేళ్ళ వరకు కారాగారం గాని, లక్ష రూపాయల వరకు జుర్మానా గాని, రెండును గాని విధించే వీలు అందులో ఉన్నది. గోదావరికి ఎగువనున్న ఆ రాష్ట్రపు అనుభవాన్ని మన శాసనకర్తలు పరిశీలించడం ఉచితం.

ఉపసంహారం

పై చర్చ వలన తేలిన అంశాలు మూడు. మొదటిది, సభ ఏమి చేయవలెనో నిర్ణయించే అధికారం అధికసంఖ్యాకులకు ఉన్నది. సభలో ఎవరుండవలెనో నిర్ణయించే అధికారం లేదు. రెండవది, నేడు ఓడినవాడు రేపటి సభలో మాటాడి పదిమందిని తనవైపు త్రిప్పుకొనే అవకాశమున్నంతవరకే నేటి ఓటమిని అతడు అంగీకరించవలసి ఉంటుంది. ఆ అవకాశాన్ని తీసివేసిన సంఖ్యకు అతనిపై నైతికాధికారం లేదు. మూడవది, ఈ హద్దులు అల్పసంఖ్యాకులకు చూపే దయ కాదు. భూమి తగాదాలో నేడు తొమ్మండుగురిలో ఉన్నవాడు, రేపు జుర్మానా తగాదాలో పదవవాడు కావచ్చును.

కనుక గ్రామాభివృద్ధిని కోరే పెద్దలు తమ నిర్ణయాలను గ్రామసభ ముందుంచి, ఎదుటి పక్షాన్ని అదే సభలో కూర్చుండబెట్టి, దాని మాట విని, తీర్మానాన్ని హేతువులతో వ్రాతపూర్వకంగా ప్రకటించడం కర్తవ్యం. గుడి, బడి, దారి అన్నీ ఆ మార్గంలోనే సాధ్యమవుతాయి. దానికొరకు ఎవరి ఇంటి నిప్పు ఆర్పవలసిన పని లేదు.