నలుగురి చూపూ లాగాలి.. జేబు మాత్రం చిల్లు పడకూడదు!

హామిల్టన్: మంచు కరిగి కాస్త ఎండ పొడ కనబడితే చాలు.. వీకెండ్ సాయంత్రాల్లో ఇక్కడి పార్కింగ్ లాట్లలో కార్లు బారులు తీరతాయి. బానెట్లు లేస్తాయి. కాఫీ కప్పులతో ముచ్చట్లు మొదలవుతాయి. వారమంతా షిఫ్టుల్లో నలిగిన మనవాళ్లకూ ‘మనకీ ఓ స్పోర్ట్స్ కారుంటే..’ అనిపించడం సహజమే. సరదా తప్పేం కాదు. కాకపోతే లెక్క చూసుకుని దిగాలి.

ఖరీదు కన్నా కథకే గిరాకీ

ఇలాంటి చోట జనం మూగాలంటే లక్ష డాలర్లు పోయక్కర్లేదు. శుభ్రంగా ఉంచుకున్న పాత బండి, దాని వెనక చెప్పుకోవడానికో కథ ఉంటే చాలు. ఫోర్డ్ మస్టాంగ్ లోకానికి కనబడింది 1964లో. హామిల్టన్ ఒటావా స్ట్రీట్‌లో మొదటి టిమ్ హార్టన్స్ తెరిచిందీ ఆ ఏడాదే! డాడ్జ్ చాలెంజర్ 2008 నుంచి 2023 దాకా పక్కనే ఉన్న బ్రాంప్టన్‌లో తయారైంది. ఐదో తరం షెవర్లే కమారో 2009 నుంచి 2015 వరకు ఆషవాలో పుట్టింది. ‘ఇది మన ఒంటారియో బండేనండీ’ అని గర్వంగా చెప్పుకోవచ్చు. తక్కువలో కావాలంటే 1989లో వచ్చిన మాజ్డా మియాటా ఉంది. చిన్నది, తేలికైనది, టాప్ తీసేస్తే అందరూ చూస్తారు. ఉన్నవి రెండే సీట్లు కాబట్టి పిల్లలున్నవాళ్లు ఆలోచించుకోవాలి.

కొనడం తేలిక.. మేపడమే కష్టం

ఏనుగును కొన్నంత తేలిక కాదు మేపడం. అందుకే బేరానికి ముందే ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి కొటేషన్ అడగండి. కొత్తగా వచ్చినవారి ఇండియా డ్రైవింగ్ అనుభవాన్ని చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు. ఎరుపు రంగైతే ప్రీమియం పెరుగుతుందన్నది ఉత్తమాటే. ఇంజిన్‌లో మార్పులు చేయిస్తే మాత్రం చెప్పి తీరాలి. దాచిపెడితే రేపు క్లెయిమ్ దగ్గర చుక్కెదురవుతుంది.

విడివ్యక్తి దగ్గర కొంటే బండి చరిత్ర, దానిమీద అప్పులేమైనా ఉన్నాయా అన్న వివరాలున్న ప్యాకేజీని అమ్మేవారే ఇవ్వాలి. సేఫ్టీ సర్టిఫికెట్ లేనిదే ప్లేట్లు రావు. పన్ను 13 శాతం. కాగితం మీద ధర తగ్గించి రాయించుకుందామంటే కుదరదు. కొన్న ధర, హోల్‌సేల్ విలువ.. రెండింట్లో ఏది ఎక్కువైతే దానిమీదే కట్టాలి.

చలికాలం మాటేంటి?

ఈ కార్లలో ఎక్కువ వెనక చక్రాలతో నడిచేవే. మంచులో జారతాయి. పైగా రోడ్లమీద చల్లే ఉప్పు అడుగుభాగాన్ని తినేస్తుంది. కాబట్టి పాత బండిని లిఫ్ట్ మీద ఎక్కించి, తుప్పు చూశాకే డబ్బివ్వండి. డ్యూటీకి వేరే కారుండి, ఇది శీతాకాలం షెడ్డులోనే ఉంటుందంటే, ఆ నెలలకు రోడ్డు కవరేజీ ఆపి, దొంగతనం, అగ్నిప్రమాదాలకు మాత్రం ఉంచుకునే వీలుంది.

సరదా శృతి మించితే

అసలు ముప్పు ఇక్కడే. 2021 నుంచి ఒంటారియోలో స్టంట్ డ్రైవింగ్ శిక్షలు కఠినమయ్యాయి. గంటకు 80 కిలోమీటర్ల కన్నా తక్కువ పరిమితి ఉన్న రోడ్డుపై 40 మించి వేగం పెంచినా అది స్టంటే. అక్కడికక్కడే లైసెన్స్ 30 రోజులు సస్పెండ్, బండి 14 రోజులు సీజ్. నేరం రుజువైతే 2 వేల నుంచి 10 వేల డాలర్ల జరిమానా, మొదటిసారికే కనీసం ఏడాది లైసెన్స్ గల్లంతు. పార్కింగ్ లాట్‌లో చక్రాలు తిప్పినా ఇదే చట్టం. తాళాలు స్నేహితుడికిచ్చి మీరు పక్కన నిలబడ్డా సీజయ్యేది మీ కారే! ప్రమాదకరంగా నడిపారని క్రిమినల్ కేసు పడిందంటే ఇమ్మిగ్రేషన్‌కే ఎసరు రావచ్చు. లైసెన్స్ పోతే డ్యూటీకెలా వెళ్తారు, ఇంటికి డబ్బెలా పంపుతారు?

కారు ఆపి చూపించండి, మురిసిపోండి. నలుగురూ చూడాలనే కదా కొన్నది! కాకపోతే టోయింగ్ ట్రక్కు వెనక వేలాడుతూ వెళ్తున్నా నలుగురూ చూస్తారని మరిచిపోకండి.