మలివయసు పొదుపు – తెలుగు పత్రికారచన: ‘పింఛను’ పదం వెనుక మూడు అర్థాలు

వ్యాససంగ్రహం:
వ్యక్తిగత ఆర్థిక విషయాలు రాసే పాత్రికేయుడికి లెక్కలు తెలిసినంత మాత్రాన చాలదు, మాటలను వేరుచేసి చూపడమూ తెలియాలి. తెలుగునాట ‘పింఛను’ అనే ఒక్క పదం హామీని, నిధిని, సాయాన్ని కూడా సూచిస్తోంది. ఈ మూడింటికీ గల భేదం తెలియని పాఠకుడు తన వృద్ధాప్యానికి భద్రత ఉందని పొరబడే ప్రమాదం ఉంది. తెలుగు రాష్ట్రాలలో అమలైన పథకాల ఆధారంగా ఆ భేదాన్ని వివరించడం, మలివయసు పొదుపుపై రాసే పాత్రికేయుడికి కావలసిన నైపుణ్యాన్ని గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పింఛను, మలివయసు పొదుపు, భవిష్యనిధి, సి.పి.ఎస్., అభయహస్తం, ఆర్థిక పత్రికారచన, పరిభాష.

1. ఉపోద్ఘాతం:
సిద్దిపేట జిల్లాలోని ములుగు, రాజీవ్ రహదారి మీద ఉన్న మండల కేంద్రం. 2019లో ఏర్పడిన ములుగు జిల్లా వేరు, ఈ ములుగు వేరు. శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల-పరిశోధన సంస్థ ఇక్కడ ఉన్నాయి. మండలంలోని ఒంటిమామిడి కూరగాయల మార్కెట్టుకు పేరు. ఇలాంటి చోట విశ్వవిద్యాలయ ఉద్యోగి, ప్రైవేటు కంపెనీ కార్మికుడు, మార్కెట్టులో బస్తాలు మోసే హమాలీ, కూరగాయలు పండించే రైతు ఒకే దారిలో ఎదురుపడతారు. ముసలితనంలో వచ్చే డబ్బు గురించి మాట్లాడేటప్పుడు నలుగురూ వాడే మాట ‘పింఛనే’. అయితే ఆ మాటకు నలుగురి విషయంలోనూ ఒకే అర్థం లేదు.

నిజాం పాలనలో ఉర్దూ అధికారభాషగా ఉన్న కాలంలో పదవీ విరమణ వేతనాన్ని ‘వజీఫా’ అనేవారు. తరువాత ఇంగ్లీషు నుంచి వచ్చిన ‘పింఛను’ స్థిరపడింది. ఇక ‘పదవీ విరమణ’ అనే సమాసం పదవి ఉన్నవారికే వర్తిస్తుంది. రైతుకు, కూలీకి విరమించవలసిన పదవి లేదు. అందువల్ల ‘పదవీ విరమణ పొదుపు’ అన్న శీర్షిక కనబడగానే అది తమకోసం రాసింది కాదని వారు అనుకోవడం సహజం. ‘మలివయసు పొదుపు’ అనే మాట అందరినీ కలుపుకొంటుంది కనుక ఈ వ్యాసంలో దాన్నే స్వీకరించడం జరిగింది.

2. ఒకే పదం – మూడు అర్థాలు:

2.1. హామీ: ఇంత మొత్తం ఇస్తామని ముందే సూత్రం ప్రకారం చెప్పే పద్ధతి ఇది. పాత పింఛను విధానంలో పూర్తి సర్వీసు ఉన్న ప్రభుత్వోద్యోగికి చివరి మూలవేతనంలో సగం లభిస్తుంది. కరవు భృతి పెరిగినప్పుడల్లా పింఛనుదారుకూ పెంపు ఉంటుంది. 1995 నవంబరు 16న అమలులోకి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం కూడా హామీయే. దీనిలో పింఛనుకు లెక్కించే వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. 2014 సెప్టెంబరు నుంచి వేతన పరిమితి 15,000 రూపాయలు. ఆ పరిమితి మేరకు 14 ఏళ్లు పనిచేసిన కార్మికుడికి నెలకు 3,000 రూపాయలు వస్తాయి. ఈ మొత్తానికి కరవు భృతి తోడు కాదు. రెండూ హామీలే అయినా ధరలు పెరిగేకొద్దీ వాటి మధ్య అంతరం పెరుగుతూనే ఉంటుంది.

2.2. నిధి: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన ప్రభుత్వోద్యోగులకు భాగస్వామ్య పింఛను పథకం, అంటే సి.పి.ఎస్., వర్తించింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలోనూ అది కొనసాగింది. ఉద్యోగి తన మూలవేతనం, కరవు భృతిలో 10 శాతం జమచేస్తే ప్రభుత్వం అంతే మొత్తం కలిపే పద్ధతిలో ఇది మొదలైంది. ఇక్కడ ముందుగా తెలిసేది ఎంత కట్టాలన్నదే. చివరకు ఎంత వస్తుందన్నది మార్కెట్టును బట్టి ఉంటుంది. విరమణ సమయంలో నిధిలో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. యాన్యుటీ అంటే ఒక మొత్తాన్ని బీమా సంస్థకు అప్పగించి, బదులుగా జీవితాంతం నిర్ణీత ఆదాయం పొందడం. ఉదాహరణకు 50 లక్షల నిధిలో 20 లక్షలతో యాన్యుటీ కొంటే, ఏటా 6 శాతం చొప్పున నెలకు 10,000 రూపాయలు వస్తాయి. ‘యాభై లక్షలు’ అన్న మాటకూ ‘నెలకు పదివేలు’ అన్న మాటకూ పాఠకుడి మనసులో కలిగే స్పందన ఒకటి కాదు. ఈ రెండింటినీ పక్కపక్కన చూపడం పాత్రికేయుడి బాధ్యత.

2.3. సాయం: తెలంగాణలో 2014లో మొదలైన ఆసరా పింఛను మూడవ రకం. లబ్ధిదారు దీనికి ముందుగా చెల్లించేది ఏమీ లేదు. అర్హతను, మొత్తాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 1,000 రూపాయలుగా ఉన్న వృద్ధాప్య పింఛను 2019లో 2,016 రూపాయలు అయింది. నిరుపేదలకు ఇది నిజమైన ఆదరువు. కాని సంపాదించే వయసులో ఉన్నవారు దీన్ని పొదుపుకు ప్రత్యామ్నాయంగా భావించడానికి వీలులేదు.

3. అభయహస్తం నేర్పిన పాఠం:
పదవి లేనివారికీ పింఛను కల్పించేందుకు తెలుగునాట జరిగిన గుర్తించదగిన ప్రయత్నం 2009 నాటి అభయహస్తం. స్వయం సహాయక సంఘ సభ్యురాలు రోజుకు ఒక రూపాయి కడితే, ప్రభుత్వం మరో రూపాయి జమచేస్తుంది. 60 ఏళ్లు నిండాక నెలకు కనీసం 500 రూపాయలు అందాలన్నది ఏర్పాటు. ‘రోజుకు ఒక రూపాయి’ అన్న మాటలో పథకం మొత్తం ఇమిడిపోయింది. ఏ పరిభాషా అవసరం లేకుండా లక్షలాది మహిళలకు అది అర్థమైంది. అయితే తెలంగాణలో ఆ పథకం నిలబడలేదు. మహిళలు కట్టిన సొమ్ము తిరిగి చెల్లిస్తామని 2022లో ప్రభుత్వం ప్రకటించింది. సులభమైన భాష జనాన్ని పథకంలో చేర్చగలదు. పథకం ఎన్నేళ్లు నిలుస్తుంది, ఆగిపోతే కట్టిన సొమ్ము ఏమవుతుంది అన్న ప్రశ్నలను చేరే రోజునే అడగడం పాత్రికేయుడి పని.

4. ధరల లెక్క:
ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరుగుతాయనుకుంటే 72ను 6తో భాగించగా వచ్చే 12 ఏళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది. 36 ఏళ్ల వయసులో ఇంటి ఖర్చు నెలకు 20,000 రూపాయలైతే, 60 ఏళ్లకు అదే జీవనానికి 80,000 కావాలి. 2015లో మొదలైన అటల్ పింఛను యోజనలో 18 ఏళ్ల యువకుడు నెలకు 210 రూపాయలు కడితే 60వ ఏట నుంచి నెలకు 5,000 రూపాయల హామీ ఉంది. 42 ఏళ్ల తరువాత అందే ఆ 5,000 కొనుగోలు శక్తి, పై లెక్కన నేటి 430 రూపాయలకు సమానం. దీన్నిబట్టి ఆ పథకం పనికిరానిదని చెప్పకూడదు, అది ఒక్కటే చాలదని మాత్రం చెప్పాలి.

5. పాత్రికేయుడి వృత్తి – నైపుణ్యం:
తెలుగులో ‘ఈనాడు’ తన ‘సిరి’ శీర్షికలో వ్యక్తిగత ఆర్థిక వ్యాసాలను, పాఠకుల సందేహాలకు సమాధానాలను ప్రచురిస్తోంది. ఈ రచనాశాఖలో ఒక వృత్తిజీవితం ఎలా రూపుదిద్దుకొంటుందో తెలుసుకోవడానికి జోనాథన్ క్లెమెంట్స్ ఉదాహరణ ఉపకరిస్తుంది. లండన్‌లో పుట్టిన ఆయన అమెరికాలో ‘ఫోర్బ్స్’లో పనిచేసి, ‘వాల్‌స్ట్రీట్ జర్నల్’లో చేరారు. అక్కడ 1994 నుంచి 2008 వరకు 1,009 శీర్షికా వ్యాసాలు రాశారు. తక్కువ ఖర్చు, క్రమం తప్పని పొదుపు, దీర్ఘాయువును లెక్కలోకి తీసుకోవడం అన్న కొద్దిపాటి సూత్రాలనే కొత్త సందర్భాలకు అన్వయిస్తూ వచ్చారు. 2024లో తనకు క్యాన్సరు ఉందని తెలిసిన తరువాత కూడా రాయడం ఆపలేదు. ఖాతాలను తగ్గించుకోవడం, కుటుంబానికి చిక్కులు మిగలకుండా వ్యవహారాలు చక్కబెట్టుకోవడం ఆయన చివరి రచనల విషయాలయ్యాయి. 2025 సెప్టెంబరులో 62 ఏళ్ల వయసులో మరణించారు. తొంభై ఏళ్లు బతుకుతామన్నట్లు పొదుపు చేయడం, ముందే పోతే ఇంటివారికి ఏమవుతుందో ఆలోచించడం – మలివయసు పొదుపులో ఇవి రెండూ భాగాలేనని ఆ జీవితం నిరూపించింది.

పథకాన్ని అమ్మే ఏజెంటుకూ, వివరించే పాత్రికేయుడికీ తేడా ఇక్కడే ఉంది. ఏజెంటు రాబడితో మాట మొదలుపెడతాడు. పాత్రికేయుడు నాలుగు ప్రశ్నలతో మొదలుపెట్టాలి: డబ్బు ఎవరు కడతారు? నష్టం వస్తే ఎవరు భరిస్తారు? వచ్చే మొత్తం ధరలతోపాటు పెరుగుతుందా? చందాదారు మరణిస్తే జీవిత భాగస్వామికి ఏమి దక్కుతుంది? ఏ పథకం గురించి రాసినా ఈ నాలుగింటికీ జవాబు ఉంటే పాఠకుడు మోసపోయే అవకాశం తగ్గుతుంది.

6. ముగింపు:
ఆంధ్రప్రదేశ్ 2023లో హామీ పింఛను చట్టం చేసింది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పింఛను పథకాన్ని అమలులోకి తెచ్చింది. ప్రభుత్వోద్యోగుల విషయంలో నిధి నుంచి మళ్లీ హామీ వైపు అడుగులు పడుతున్నాయని వీటి ద్వారా గ్రహించవచ్చు. ఒంటిమామిడి హమాలీకి, ములుగు రైతుకు ఈ చర్చలో చోటు లేదు. వారు ‘పింఛను’ అన్నప్పుడు అది హామీయా, నిధియా, సాయమా అని విడమరచి చెప్పగల తెలుగు రచన కావాలి. ఆర్థిక పరిభాషా నిర్మాణం అనువాదకుల పనిగానే మిగిలిపోకుండా, తెలుగు శాఖల పరిశోధకులు కూడా పత్రికల భాషను ఈ దృష్టితో పరిశీలించవలసిన అవసరం ఉంది. చాలామంది తమకు వచ్చే పింఛను ఏ రకానిదో అరవయ్యో ఏట గాని తెలుసుకోలేకపోతున్నారు. ముప్పయ్యో ఏటనే తెలిస్తే, దిద్దుకోవడానికి వారికి ముప్పై ఏళ్ల వ్యవధి మిగులుతుంది.